సున్నా చుట్టని ప్రశ్న

ప్రూఫులు దిద్దే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు. "మేడమ్, మీ సర్వీసులో మీరు వదిలేసిన పెద్ద తప్పు ఏంటి?" అని. ఏదో అచ్చుతప్పు చెబుతానని వాళ్ళ ఆశ. తాతగారి సంతాప సభ కరపత్రం సంతోష సభ అయి కూర్చున్న కథల్లాంటివి నా దగ్గర బోలెడున్నాయి. అవి చెప్పి నవ్విస్తాను. అసలు సంగతి మాత్రం ఇన్నేళ్ళూ చెప్పలేదు. చెబుదామని నోటిదాకా వచ్చేది, టీ గ్లాసు కింద పెట్టేసి లేచిపోయేదాన్ని. ఇవాళ చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం వచ్చిన కొత్త. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఊదరగొట్టారు, ఒక్కటీ ఆగలేదు. ఆగకపోగా అమీర్‌పేటలో ఖాళీ గది అనేది లేకుండా పోయింది. ఏ మేడ చూసినా నాలుగంతస్తులూ కంప్యూటర్ కోచింగ్ బోర్డులే, ఏ గుమ్మం చూసినా చెప్పుల గుట్ట. మేం పిచ్చాసుపత్రి ఉన్న ఎర్రగడ్డలో ఉండేవాళ్ళం. ఆ మాట చెబితే ఎదుటివాళ్ళు నన్ను ఓసారి ఎగాదిగా చూసి, తర్వాత నవ్వేవారు. పొద్దున్నే బస్సెక్కితే అమీర్‌పేట దాకా ఒంటికాలి మీద నిలబడటమే. అక్కడ ఫైళ్ళు పట్టుకున్న పిల్లలంతా బిలబిలమంటూ దిగిపోతే, పంజాగుట్ట వరకూ రెండో కాలు కూడా కింద పెట్టుకునేదాన్ని.

మా ఆఫీసు పంజాగుట్టలో ఒక సందులో, సెల్లార్‌లో ఉండేది. క్రైస్తవ పుస్తకాలు వేసే చిన్న ప్రచురణ సంస్థ. నెత్తిమీద కంప్యూటర్ కోచింగ్ సెంటర్. క్లాసు వదిలితే మా సీలింగు దడదడలాడేది. నేను హిందువుల ఇంటి ఆడదాన్ని, కోస్తా నుంచి వచ్చినదాన్ని, లక్ష్మీవారం ఒక్కపొద్దు ఉండేదాన్ని. చేరిన కొత్తలో మా అత్తగారు "వాళ్ళ పుస్తకాలు చదివి చదివి నువ్వు కూడా కలిసిపోతావేమోనే" అని బెంగపెట్టుకున్నారు. నేను కలవలేదుగానీ, వాళ్ళ గ్రంథంలో ఏ మాట ఎక్కడుందో ఆదివారం గుడికెళ్ళేవాళ్ళ కంటే నాకే బాగా తెలిసేది. ప్రూఫ్ రీడర్ భక్తి అలాంటిది. నమ్మకపోయినా నాలుగుసార్లు చదవాలి.

ఆ ఏడాది మా చేతికొచ్చిన పుస్తకం ఒక మాస్టారిది. పాస్టర్లకు చదువు చెప్పే కళాశాలలో నలభై ఏళ్ళు హెబ్రీ భాష నేర్పి రిటైరైన పెద్దాయన. పొన్నూరు వైపు మనిషి. భార్య పోయాక పంజాగుట్టలోనే ఒక గది తీసుకుని ఒక్కరే ఉండేవారు. ప్రాచీన హెబ్రీ కీర్తనలకు తెలుగులో వివరణ రాశారు, మొత్తం ఎనిమిది భాగాలు. పన్నెండేళ్ళ పని. పాత క్యాలెండర్ కాగితాల వెనక, వాడేసిన ప్రశ్నపత్రాల వెనక రాసిన దస్తాలు ట్రంకుపెట్టెలో పెట్టుకుని మా దగ్గరికి వచ్చారు. మొదటి భాగంలో పశ్చాత్తాప కీర్తనలు. శ్రమల దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజులు వాళ్ళు ఉపవాసాలూ ప్రార్థనలూ చేసుకునే కాలంలో, చదువుకోవడానికి అందించాలని మా సంస్థ కమిటీ అనుకుంది. అది బాగా వెళితే మిగతా ఏడూ వేస్తామన్నారు. లేకపోతే లేదు. ఆ వయసులో ఆయన ఇంకో ప్రచురణకర్తను వెతుక్కోలేరని మాకందరికీ తెలుసు.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే మీకు నా తప్పు అర్థం కాదు. ప్రూఫు కాగితం అంచులో రెండు రకాల మాటలు రాసేవాళ్ళం. ఒకటి రచయిత కొత్తగా చేర్చిన మాట, అది ఆపరేటర్ కంపోజ్ చెయ్యాలి. రెండోది నా అనుమానం, అది రచయిత చూసి జవాబు చెప్పాలి. అనుమానం రాస్తే దాని చుట్టూ సున్నా చుట్టాలి. మా ఆపరేటర్ ఒకప్పుడు సీసం అక్షరాలు చేత్తో పేర్చినవాడు, సిద్దిపేట దిక్కు మనిషి. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన లెక్క చాలా సాఫు. "సున్న సుట్టితే సార్‌కు, సుట్టకుంటె నాకు. గంతే మేడమ్" అనేవాడు.

మాస్టారికి చెయ్యి వణుకు. పైగా అప్పుడే కంటికి శుక్లాల ఆపరేషన్ అయి నల్లద్దాలు పెట్టుకున్నారు. అందుకని ఆయన నోటితో చెబితే ఆయన చేర్పులన్నీ నేనే అంచుల్లో రాసేదాన్ని. ఆ పుస్తకం పొడుగునా నా దస్తూరీ అంటే ఆయన మాట అన్నట్టే అయిపోయింది.

ఆ కీర్తనల్లో అన్నిటికంటే పేరున్నది ఒకటుంది. రాజు ఒకడు పరాయివాడి భార్యను తెచ్చుకుంటాడు, ఆ మొగుణ్ణి యుద్ధంలో ముందుకి తోసి చంపిస్తాడు. ప్రవక్త వచ్చి నిలదీస్తే కుప్పకూలిపోయి, నన్ను కడుగు అని దేవుణ్ణి వేడుకుంటాడు. ఆ వేడుకోలే ఈ పాట అని పైన చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది. ప్రూఫులో చదువుతుంటేనే నాకు కళ్ళు తడిశాయి. తడిసిన కళ్ళతోనే చివరికొచ్చేసరికి ఎక్కడో గతుక్కుమంది. చివరి రెండు చరణాల్లో పట్టణం గోడలు కట్టించమని అడుగుతున్నాడు. ఆ రాజు బతికుండగా గోడలు నిక్షేపంగా ఉన్నాయి. కూలింది ఎన్నో తరాల తర్వాత. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, అంతకుముందు దిద్దిన చరిత్ర పుస్తకంలో చదివాను. పెన్సిలు తీసి అంచులో రాశాను: "చివర గోడలు కట్టించమంటున్నాడు. రాజు కాలంలో గోడలు కూలలేదు గదా? మరి ఈ మాటలు రాజువేనా, తర్వాత ఎవరైనా కలిపారా?"

రాసి, సున్నా చుట్టబోతుండగా కరెంటు పోయింది. సెల్లార్ కదా, కరెంటు పోతే పట్టపగలు కూడా కన్ను పొడుచుకున్నా కనపడదు. పైన కోచింగ్ పిల్లలు ఓ అని అరిచారు. తడుముకుంటూ కాగితం కట్టలో పెట్టి బయటికొచ్చి, ఎండలో నిలబడి పల్లీలు తిన్నాను. కరెంటు వచ్చాక తర్వాతి పేజీ తీశాను.

అన్న దాన్ని కంపోజ్ చేశాడు. ఆ పేజీ కింద మాస్టారి వివరణల వరసలో చక్కగా కూర్చోబెట్టాడు. రెండో ప్రూఫు వచ్చింది. దిద్దుబాట్లు సరిగ్గా పడ్డాయా లేదా అని నేను పోల్చి చూశాను. నా పెన్సిలు మాటలు, అచ్చు మాటలు. అక్షరం పొల్లుపోలేదు. పక్కన టిక్కు పెట్టాను. నా ప్రశ్నకి నేనే, పిల్లలూ, నా చేత్తోనే టిక్కు పెట్టాను! తప్పులు వెతికే కన్ను అర్థం చూడదు. మాస్టారికి కళ్ళద్దాలు రాలేదు, శ్రమల దినాలు దగ్గరపడ్డాయి, మూడో ప్రూఫు లేకుండానే పుస్తకం అచ్చుకి వెళ్ళిపోయింది.

పుస్తకం పంచిన రెండో వారం, మా కార్యదర్శిగారు పొద్దున్నే నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డారు. నెమ్మదస్తుడు, కోపమొస్తే ఇంకా నెమ్మదిగా మాట్లాడే మనిషి. "అమ్మా, మన మాస్టారు ఇలా రాశారేంటమ్మా?" అని పేజీ తీసి చూపించారు. ఒక సంఘంలో, అంటే వాళ్ళ చర్చిలో, ప్రార్థనకూటంలో ఎవరో అది పైకి చదివారట. పెద్దలు లేచి నిలబడ్డారట. ముసలాయన దేవుని వాక్యంలోనే అనుమానాలు పెడుతున్నాడు, ఇన్నేళ్ళూ మన పాస్టర్లకి ఇదేనా నేర్పింది అని గొడవ. పుస్తకాలు వాపసు పంపుతున్నారు. వచ్చే మంగళవారం కమిటీ కూర్చుంటోంది.

ఆయన వెళ్ళగానే పాత ప్రూఫుల కట్ట లాగాను. ఆ పేజీ దొరికింది. నా గుండ్రటి దస్తూరీ, చుట్టూ సున్నా లేదు.

అన్న నా వెనకే వచ్చి నిలబడ్డాడు. కాగితం చూశాడు, నన్ను చూశాడు.

"మీరు సుట్టలే మేడమ్."

"అవునన్నా."

"నా మీద ఏస్తరా? ఇంట్ల ముగ్గురు ఆడపిల్లలున్నరు నాకు."

"ఛ, అదేం మాటన్నా!"

"అయితె మంచిగ. నేనైతె ఎవ్వలికి చెప్ప. జర ఫికర్ చెయ్యకుండ్రి" అని తన సీట్లోకి పోయి కూర్చున్నాడు. ఆ మాటతో నా ఫికర్ రెండింతలైంది. ఆయన చెప్పడు కాబట్టి ఇక చెప్పాల్సింది నేనే కదా.

చెప్పలేదు. వారం రోజులు దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఆఫీసులో ఎవరైనా "తప్పు" అంటే చాలు, భుజాలు తడుముకునేదాన్ని. ఇంట్లో సాంబారులో ఉప్పు రెండుసార్లు వేశాను. రోజూ సాయంత్రం మాస్టారి గది ఉన్న సందు దాకా వెళ్ళేదాన్ని, మలుపులో ఉన్న మందుల షాపు దగ్గర ఆగి, తలనొప్పి మాత్ర కొనుక్కుని వెనక్కి వచ్చేదాన్ని. ఆ వారంలో ఆరు మాత్రలు పోగయ్యాయి. తల మాత్రం నొప్పెట్టలేదు. ఉద్యోగం పోతుందని భయం. దానికంటే పెద్ద భయం, ఆ ట్రంకుపెట్టెలో ఉన్న మిగతా ఏడు భాగాలు. నా ఒక్క పెన్సిలు గీత వల్ల పన్నెండేళ్ళ పని పెట్టెలోనే చెదలు పట్టిపోతుందేమోనని.

మంగళవారం వచ్చింది. కమిటీ అంటే అయిదుగురు సంఘ పెద్దలు, కార్యదర్శిగారు. మా సెల్లార్‌లోనే పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నారు. మాటలు రాసుకోవడానికి నన్ను ఒక మూల కూర్చోబెట్టారు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. నల్లద్దాలు పోయి కొత్త కళ్ళజోడు వచ్చింది. ముందు ప్రార్థన చేశారు. తర్వాత అందరికంటే పెద్దాయన పుస్తకం ముందుకి తోసి, "అయ్యగారూ, మీరంటే మాకు గౌరవం. ఈ వివరణ మీరు రాశారా?" అని అడిగారు.

మాస్టారు పుస్తకం దగ్గరగా పెట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు. నాకు పెన్ను జారి కింద పడింది. ఎవరూ చూడలేదు.

"అవును, నాదే" అన్నారు మాస్టారు.

"మీదా?"

"నాదే. నలభై ఏళ్ళ నుంచీ నాదే. ఇప్పుడు బయటికొచ్చింది."

పెద్దలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఒకాయన బల్ల మీద చరిచారు. "రాజు రాయలేదంటే మరి రాసిందెవరండీ? దారినపోయేవాడా?" అన్నారు. అవతల అన్న కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

నేను లేచి నిలబడ్డాను. లేచానని నాకు తెలీలేదు, నా కుర్చీ కిర్రుమంటే తెలిసింది. "కాదండీ. ఆ మాట మాస్టారిది కాదు, నాది" అని కరెంటు పోవడం దగ్గర్నుంచీ గడగడా చెప్పేశాను. ప్రూఫు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాను. ఏడ్చాను కూడా. మాస్టారు గొప్ప మనసుతో నా తప్పు నెత్తిన వేసుకుంటున్నారని, అంత పెద్దాయన నన్ను కాపాడుతుంటే చూస్తూ కూర్చోలేనని అన్నాను.

ఆ గదిలో ఒక్కసారిగా అందరికీ ఊపిరాడింది. బల్ల చరిచిన ఆయన నవ్వారు. "అదీ సంగతి! ఆవిడకి మన గ్రంథం ఏం తెలుస్తుంది పాపం. మన మనిషి కాదు గదా" అన్నారు. కార్యదర్శిగారు నాకు మంచినీళ్ళిచ్చారు. మందలించారు, ఉద్యోగం పోదన్నారు. తప్పు ఒప్పుకోవడం పెద్ద సంగతి అని మెచ్చుకున్నారు. ఆ పేజీలో అంటించడానికి ఒక చీటీ అచ్చువేసి పంపితే సరిపోతుందని తీర్మానం. వారం రోజుల బరువు దిగిపోయింది. ఎంత తేలికైపోయానంటే, మాస్టారు ఒక్క మాట కూడా మాట్లాడలేదని గమనించనే లేదు.

సెల్లార్ మెట్లెక్కుతూ ఆయన ఆగారు. నేను దండం పెట్టాను. మెచ్చుకుంటారనుకున్నాను, సిగ్గులేకుండా.

"నేను మిమ్మల్ని కాపాడుతున్నానని మీకెవరు చెప్పారమ్మా?" అన్నారు.

జోడించిన చేతులు దించేశాను.

"ఇదే ప్రశ్న ప్రతి ఏడూ క్లాసులో ఎవడో ఒకడు అడిగేవాడు. మూల భాష చదివినవాడికి ఎవడికైనా వస్తుంది. గోడలు కూలిపోయిన ఊళ్ళో ఎవరో ఒకాయన ఆ పాట పాడుకుని ఉంటాడు. రాజుగారి ఏడుపు తన ఊరి ఏడుపుగా తోచి ఉంటుంది. చివర రెండు మాటలు కలుపుకున్నాడు. తన పేరు పెట్టుకోలేదు. అందులో తప్పేముంది? ఆ పాటకి విలువ పెరిగిందేగానీ తగ్గలేదు. ఈ మాట నేను ఏనాడూ పైకి అనలేదు. తర్వాత చూద్దాం కూర్చో అనేవాణ్ణి. ఒక కుర్రాడు పట్టువదలకుండా పరీక్షలో ఇదే రాస్తే మార్కులు తగ్గించాను. అతను చదువు మానేసి వెళ్ళిపోయాడు. ఎందుకు చేశాను? నా జీతానికి, నా ఇంటికి భయపడి." ఆయన రెయిలింగు పట్టుకుని ఇంకో మెట్టెక్కారు. "ఇవాళ ఆ పేజీ చూస్తే ఎవరు రాశారో తెలీలేదు. దేవుడే రాయించాడనుకున్నాను. ఒప్పుకుందామని నోరు తెరిచాను. మీరొచ్చి మూశారు."

నేను ఆయన వెనకే గుమ్మం దాకా ఎక్కాను. పైన క్లాసు వదిలారు, పిల్లలు మమ్మల్ని తోసుకుంటూ దిగుతున్నారు. ఆయన వాళ్ళ మధ్యలోంచి నెమ్మదిగా వెళ్ళిపోయారు.

మర్నాడు కమిటీ చీటీ తయారైంది. మాస్టారు చెబుతున్నట్టు మూడు వాక్యాలు. ఈ పేజీలో ఉన్న ఆ వివరణ నేను రాసింది కాదు. ప్రూఫుల్లో జరిగిన పొరపాటు వల్ల చేరింది. ఈ కీర్తన మొదటి నుంచి చివరి దాకా రాజు రాసిందేనని నా విశ్వాసం. కింద మాస్టారి పేరు. ఆయన సంతకం కోసం పంపారు.

సాయంత్రానికి చీటీ తిరిగొచ్చింది. మొదటి రెండు వాక్యాలూ ఉంచారు. మూడోది కొట్టేసి, వంకర్లు పోయిన దస్తూరీతో రాశారు: "ప్రశ్న మాత్రం న్యాయమైనది. నలభై ఏళ్ళుగా నాకూ ఉంది. అడిగినవాళ్ళను ఆపినందుకు నన్ను క్షమించండి." కింద సంతకం.

కార్యదర్శిగారు ఆ కాగితం నా ముందు పెట్టి తలుపు దగ్గరగా వేశారు. తర్వాత, "అమ్మా, ఇది ఇలాగే అచ్చయిందంటే మిగతా ఏడు భాగాలూ ఆగిపోతాయి. నేను ఆపలేను. ఆయనకా ఎవరూ లేరు. ఈ పుస్తకాలే బతుకు. చీటీ ఎలా వెయ్యాలో మీకు తెలుసు. నేను సోమాజిగూడలో ఆస్పత్రికి వెళ్ళాలి, రేపు గాని రాను" అని వెళ్ళిపోయారు.

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఒక గంట ఆ కాగితం ముందే కూర్చున్నాను. ఆయన పుస్తకాల కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే, కానీ సగం నిజం. రెండో సగం ఏంటంటే, కమిటీని కాదన్న ప్రూఫ్ రీడర్‌కి ఆ సెల్లార్‌లో కుర్చీ ఉండదు. నిన్ననే తప్పు ఒప్పుకుని మెప్పు పొందినదాన్ని. మళ్ళీ చెడ్డదాన్ని కావడానికి నాకు ధైర్యం లేకపోయింది.

కొట్టేసిన మూడో వాక్యాన్ని తెల్లకాగితం మీద నా దస్తూరీలో మళ్ళీ రాశాను. మొదటి రెండు వాక్యాల కింద పెట్టాను. అన్న చేతికిచ్చాను.

ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "గిది సార్ రాసింది కాదు గద మేడమ్. సార్ కొట్టేసిండు."

"తెలుసన్నా."

"పేరు సార్‌ది పెట్టాల్నా?"

"ఊఁ."

"మల్లొక్కసారి సూస్కోండ్రి. సున్న సుట్టుడు మర్సిపోయిన్రా ఏంది?"

వెటకారం కాదది, నాకు తప్పుకునే దారి చూపించాడు. నేను తల అడ్డంగా ఊపాను. "మర్చిపోలేదు. కంపోజ్ చెయ్యండి" అన్నాను. ఆ రోజు ఆయన నాతో కలిసి టీకి రాలేదు.

చీటీలు వచ్చాయి. మైదాపిండి జిగురు కాచి, ఆఫీసంతా కూర్చుని వాపసొచ్చిన పుస్తకాల్లో అంటించాం. సంఘాలు శాంతించాయి. పెద్దలు మాస్టారిని మెచ్చుకున్నారు. ఒకాయన ఫోన్ చేసి నన్ను కూడా మెచ్చుకున్నారు. మొదటిసారి నేను చేసింది పొరపాటు, దానికి పదిమందిలో ఏడ్చాను. రెండోసారి చేసింది తెలిసి చేసిన పాపం, దానికి నాకు శభాష్ అన్నారు. ఆ రాజు కూడా ప్రవక్త వచ్చేదాకా హాయిగా అన్నం తిని ఉంటాడని అప్పుడు అర్థమైంది నాకు.

నెల రోజులు మాస్టారు రాలేదు. ప్రతి రోజూ మెట్ల మీద అడుగుల చప్పుడు వింటే తలుపు వైపు చూసేదాన్ని. వచ్చి అరిస్తే బాగుండు, కమిటీకి ఫిర్యాదు చేస్తే బాగుండు అనుకునేదాన్ని. ఈస్టరు వెళ్ళాక ఒక మధ్యాహ్నం వచ్చారు. చేతిలో గుడ్డసంచి, అందులో రెండో భాగం. నా ఎదురుగా కూర్చుని, కట్ట విప్పి బల్ల మీద పెట్టారు. పైన ఉన్న కాగితం మీద పుస్తకం పేరు ఉంది. కింద రచయిత పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"మాస్టారూ, పేరు రాయడం మరిచిపోయారు" అన్నాను.

"మరిచిపోలేదమ్మా. మిగతా ఏడిటికీ పేరు వద్దు. కార్యదర్శిగారితో చెప్పాను, సరేనన్నారు."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. బల్ల మీదికి వంగి ఆయన చేతులు పట్టుకున్నాను. "మీ పుస్తకాలు ఆగిపోతాయని చేశానండీ. భయపడి చేశాను. తప్పే. నన్ను క్షమించండి" అన్నాను.

"క్షమించానమ్మా" అన్నారు వెంటనే. కోపం లేదు గొంతులో. అదే నన్ను చంపేసింది. "భయపడినవాణ్ణి భయపడినవాడు క్షమించకపోతే ఎవరు క్షమిస్తారు? అదేం కష్టం కాదు. పేరు మాత్రం ఇవ్వలేను. మీ చేతికి ఒకసారి ఇచ్చి చూశాను గదా."

ఏడు భాగాలూ వచ్చాయి, నాలుగేళ్ళలో. అన్నిటికీ నేనే ప్రూఫులు చూశాను, ఒక్కొక్కటీ ఆరేసి సార్లు. అనుమానం వస్తే ప్రతిసారీ ఆయన గదికి నడిచి వెళ్ళి అడిగాను. ఓపిగ్గా చెప్పేవారు. చివరి భాగం వచ్చిన ఏడాదికి ఆయన పోయారు. ఇప్పుడు పాస్టర్ల కళాశాలల్లో ఆ ఏడూ చదువుతున్నారట. మొదటి భాగం మళ్ళీ అచ్చు వెయ్యలేదు, ఎక్కడో చీటీ ఊడిపోయిన కాపీలు ఉంటే ఉండాలి.

ఆయన పోయాక మా సంస్థ తన పుస్తకాల జాబితా అంతా కంప్యూటర్‌లోకి ఎక్కించింది. అన్న పక్కన కూర్చుని నేను వరసగా చెబుతుంటే ఆయన కొడుతున్నాడు. ఆ ఏడు భాగాల దగ్గరికొచ్చాం. రచయిత అన్న గడి ఖాళీగా వదిలితే కంప్యూటర్ ముందుకు పోనివ్వడం లేదు.

"ఏం కొట్టాలె మేడమ్?" అన్నాడు అన్న, నా వైపు చూడకుండా.

ఆయన పేరు నా నాలుక మీద ఉంది. ఇంటిపేరుతో సహా.

"తెలియదు అని కొట్టండి" అన్నాను.